మళ్లింపు కర్ర

తూకాల మేస్త్రీ ఎగరేసే విమానం బరువు గ్రామున్నర. అరచేతిలో పెడితే పెట్టినట్టు చేతికి తెలియదు. ఎదురుగా నిలబడి గట్టిగా "అబ్బో" అంటే ఆ గాలికే పక్కకి ఒరిగిపోతుంది. అందుకే దాన్ని ఆరుబయట ఎగరేయరు. పెద్ద హాలులో కిటికీలు మూసి, ఫ్యాన్లు ఆపి, నడిచేవాళ్లని కూడా కూర్చోబెట్టి ఎగరేస్తారు. దానికి ఇంజనూ లేదు, బ్యాటరీ లేదు. సన్నటి రబ్బరు తాడుకి వెయ్యికి పైగా మెలికలు పెట్టి వదిలితే, ఆ మెలికలు విడుతున్నంతసేపూ ముందున్న ప్రొపెల్లరు కంటితో లెక్కపెట్టేంత నిదానంగా తిరుగుతుంది. ఒక్కోసారి ఇరవై నిమిషాలు గాలిలో ఉంటుంది.

ఆయన అసలు పని త్రాసులు బాగుచేయడం. బంగారం కొట్లు, మందుల కొట్లు, కాలేజీ ల్యాబులు అన్నీ తిరిగేవాడు. గాజు పెట్టెలో ఉండే చిన్న త్రాసుల ముల్లు ఎందుకు వణుకుతోందో చెవి పెట్టి విన్నట్టు చెప్పేవాడు. ఏదో కాలేజీలో త్రాసు బాగుచేస్తుంటే అక్కడి లెక్చరరు ఈ విమానం చూపించాడట. ఆ రోజు పట్టుకున్న పిచ్చి వదల్లేదు. ప్రతి ఆదివారం పొద్దున్నే షటిల్ ఆడే హాలు తలుపులు తీయించుకుని, ఆటగాళ్లు వచ్చేలోపు ఎగరేసుకునేవాడు.

హాలులో ఎగిరే విమానాన్ని లోపల కూర్చుని నడిపేవాడు ఉండడు కదా. తోక కొంచెం పక్కకి వంచి వదిలితే గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. గోడ మీదికో దూలం మీదికో పోతుంటే, కింద నిలబడ్డవాడు గేలం కర్రలాంటి సన్నటి పొడవాటి కర్ర ఎత్తి, దాని కొసతో రెక్క అంచుని ముట్టీ ముట్టనట్టు తాకించి దారి మళ్లిస్తాడు. ఆటలో అది తప్పు కాదు. ఆ మళ్లింపు కర్ర పట్టడంలో మేస్త్రీది అందె వేసిన చెయ్యి. పద్నాలుగేళ్లలో ఆయన విమానం గోడకి కొట్టుకున్నది రెండేసార్లు. ఆ రెండుసార్లు ఏ ఆదివారాలో, ఏ గోడో కూడా చెప్పగలడు.

"నాకు సవతి ఉందమ్మా," అని చెప్పుకునేది ఆయన భార్య, పని దగ్గర. "తిండి అడగదు, చీరలడగదు. కానీ ఆదివారం వస్తే మా ఆయనకి నా మొహం గుర్తుండదు."

"నీ సవతి నీకంటే సన్నగా ఉంటుందే," అని ఏడిపించేవాళ్లు పక్క బల్లల ఆడవాళ్లు.

"దానికి ముగ్గురు పిల్లల్ని కనమని చెప్పండి, అప్పుడు చూద్దాం సన్నం."

ఆవిడ పంతొమ్మిదేళ్లుగా పేలికల షెడ్డులో పనిచేస్తోంది. పాత బట్టలు లారీల్లో వస్తాయి. ముప్పై ఒక్కమంది ఆడవాళ్లు బల్లల ముందు నిలబడి వాటిని ఏరతారు: నూలు ఒక పక్క, ఉన్ని ఒక పక్క, నైలాను ఒక పక్క. గుండీలు కోస్తారు, జిప్పులు పీకుతారు. ఏరినవాటిని షెడ్డు రెండో చివరనున్న చింపే మెషిన్లు పీచు చేస్తాయి. ఆ పీచు పరుపుల్లోకి పోతుంది. మనం హాయిగా పడుకునే పరుపుల్లోకి.

మెషిన్ల నోటి దగ్గర దుమ్ము లేస్తుంది. తెల్లగా, మెత్తగా, చూడ్డానికి ముచ్చటగా ఉండే దుమ్ము. దాన్ని బయటికి లాగడానికి గోడలో మూడు పెద్ద ఫ్యాన్లు బిగించారు. అవి మెషిన్ల వెనక గోడలో ఉండాలి. కానీ ఆ గోడకి అవతల మేనేజరు గారి ఆఫీసుంది. కాబట్టి ఎదురు గోడలో, ఆడవాళ్ల వీపుల వెనక బిగించారు. అంటే మెషిన్ల దగ్గర పుట్టిన దుమ్ము నలభై అడుగుల షెడ్డంతా దాటి, ముప్పై ఒక్క ముక్కుల మీదుగా బయటికి పోవాలి. గోడకి కన్నం ఎక్కడ కొట్టాలో తేల్చినవాణ్ణి ఎవరూ హంతకుడనరు. వాడు ప్లాను మీద పెన్సిలుతో మూడు సున్నాలు గీశాడు, అంతే.

మేస్త్రీ భార్యకి దగ్గు మొదలై నాలుగేళ్లు. మొదట సెలవు తరవాత పనిలోకి వచ్చిన రోజున వచ్చేది, వారం మధ్యలో తగ్గేది. తరవాత తగ్గడం మానేసింది. కంపెనీ డాక్టరు పరీక్ష చేసి, "ఇంట్లో పొయ్యి పొగ వల్ల," అని రాశాడు. వాళ్లింట్లో పన్నెండేళ్లుగా గ్యాసు పొయ్యే. ఆ మాట చెబితే, "అంతకు ముందు పీల్చిన పొగ ఉంటుందిగా," అన్నాడు. ఊరి ఆసుపత్రిలో ఇంకో డాక్టరమ్మ మాత్రం ఉన్నదున్నట్టు చెప్పింది: "ఆ షెడ్డులోంచి బయటపడితే ఊపిరితిత్తులు ఇలాగైనా నిలబడతాయి. అక్కడే ఉంటే ఏడాది కూడా నేను హామీ ఇవ్వలేను."

బయటపడటమంటే మాటలా? దుమ్ము లేని మూటల గోదాములో పని ఇమ్మని ఆవిడ అర్జీ పెట్టుకుంది. "దుమ్ము బల్లల దాకా రాదు, కాబట్టి మార్చే అవసరం లేదు," అని జవాబొచ్చింది. దుమ్ము బల్లల దాకా వస్తుందని రుజువైతే ఆవిడొక్కతే కాదు, అందరూ బతికిపోతారు. రుజువు కాకపోతే ఆవిడ ముందు పోతుంది. వ్యవహారం అక్కడికొచ్చి ఆగింది.

బల్లలన్నిటికీ పెద్దదిక్కు ఒకావిడ ఉంది. అందరూ పెద్దక్క అంటారు. ఆవిడ తిరిగి తిరిగి చెప్పులరిగి, చివరికి ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరమ్మని షెడ్డుకి రప్పించింది. ఇన్‌స్పెక్టరమ్మ ఉద్యోగంలో కొత్త, మనిషి మంచిదే. పొగ వదిలే గొట్టం ఒకటి తెచ్చింది. పొగ ఎటు పోతే గాలి అటు పోతున్నట్టు.

"పీచు నిండిన షెడ్డులో నిప్పు వ్యవహారమా మేడం?" అన్నాడు మేనేజరు. "ఒక్క రవ్వ పడితే ఈ ఆడకూతుళ్లంతా మాడిపోతారు. నేను ఒప్పుకోను."

ఆడకూతుళ్ల మీద ఆయనకి అంత ప్రేముందని వాళ్లకి ఆ రోజే తెలిసింది.

అప్పుడు పెద్దక్క అంది: "నిప్పు లేకుండా గాలి చూపించే మనిషి ఉన్నాడమ్మా. మా మేస్త్రీ."

ఆవిడ చెప్పింది ఉత్త మాట కాదు. షటిల్ హాలులో కిటికీ సందు ఏ పక్కనుందో మేస్త్రీ విమానాన్ని చూసి చెప్పేవాడని ఆవిడకి తెలుసు. గుండ్రంగా తిరిగే విమానం, గాలి కదిలితే ఆ గుండ్రంతో సహా అటు జరుగుతుంది, ఏట్లో పడ్డ ఆకు సుడి తిరుగుతూనే కిందికి కొట్టుకుపోయినట్టు. మెషిన్ల దగ్గర వదిలి, అది బల్లల మీదికి వస్తే, దుమ్మూ అలాగే వస్తున్నట్టు.

ఇన్‌స్పెక్టరమ్మ ఆలోచించి సరేనంది. మూడు వారాల తరవాత ఒక రోజు ఖాయం చేసింది. భోజనాల అరగంటలో మెషిన్లు ఆపాలి, ఫ్యాన్లు మాత్రం తిరుగుతుండాలి. షరతు ఒక్కటే: "వదిలాక ఎవరూ ముట్టుకోకూడదు. దాని దారిన దాన్ని పోనివ్వాలి."

ఆ మూడు వారాలూ మేస్త్రీ ప్రొపెల్లరుతో కుస్తీ పట్టాడు. చిక్కేమిటంటే, మామూలుగా ఈ విమానం వదలగానే కప్పు దాకా ఎక్కిపోతుంది. ఎక్కువసేపు గాలిలో ఉండటానికి అదే కావాలి. కానీ మనుషుల ముక్కులు కప్పు దగ్గర ఉండవు. ఐదడుగుల ఎత్తున, ఎక్కకుండా దిగకుండా, ఆరేడు నిమిషాలు తిరగాలి.

ఆయన ప్రొపెల్లరు ఆకులు బిగుసుకుపోయినవి కావు, మధ్యలో ఈనెపుల్లంత ఇరుసు మీద మెలితిరుగుతాయి. వెంట్రుకంత స్ప్రింగు ఒకటి, గుండుసూది తలకంటే చిన్న మరలు మూడు. రబ్బరు కొత్తగా మెలిపెట్టి ఉన్నప్పుడు బలంగా లాగుతుంది. ఆ బలానికి ఆకులు బాగా వాలి గాలిని ఎక్కువగా కోస్తాయి, బరువుగా, నిదానంగా తిరుగుతాయి. దాంతో విమానం మీదికి దూసుకుపోదు. రబ్బరు అలిసేకొద్దీ స్ప్రింగు ఆకుల్ని వెనక్కి తెస్తుంది, తిరగడం తేలికై విమానం కిందపడకుండా నిలబడుతుంది. స్ప్రింగు మర కాస్త బిగిస్తే ఆకులు వాలవు, విమానం దూలానికి తగులుకుంటుంది. కాస్త వదులైతే వాలినవి వాలినట్టే ఉండి, విమానం నేలకి దిగిపోతుంది. పావు చుట్టు ఎక్కువ, అరపావు చుట్టు తక్కువ. మిగిలిన రెండు మరలు, ఆకులు ఎంత దాకా వాలాలి, ఎంత దాకా తిరిగి రావాలి అనేవాటికి. ఒకటి ముట్టుకుంటే మిగతా రెండూ అలుగుతాయి.

భార్య హాలులో బెంచీ మీద చీరకొంగు నోటికడ్డం పెట్టుకుని కూర్చునేది. దగ్గొస్తే బయటికి పోయేది, లేకపోతే విమానం జడుసుకుంటుంది.

"ఏవయ్యా, కంసాలి పనిలాగుంది. ఎంతసేపు?"

"ఉండవే. ఇంకొక్క అరపావు."

"నా ముక్కు ఎత్తు కొలుచుకున్నావా? ఆ ఇన్‌స్పెక్టరమ్మ నాకంటే పొడుగు, ఆవిడ ముక్కుకి పెట్టావంటే నాకు పనికిరాదు."

ఆయన నవ్వలేదు. నిజంగానే భార్యని నిలబెట్టి, గోడమీద సుద్దముక్కతో ముక్కు దగ్గర గీత గీశాడు. రెండో ఆదివారానికి విమానం ఆ గీతకి బెత్తెడు అటూ ఇటూగా ఆరు నిమిషాలు తిరిగింది. ఆవిడ చప్పట్లు కొట్టబోయి, గాలి పుడుతుందని ఆగిపోయింది.

ఆ రోజు రానే వచ్చింది. షెడ్డులో ఎప్పుడూ లేని శుభ్రం. నేల కడిగారు. ఆడవాళ్లందరికీ కొత్త మాస్కులు పంచారు, సాయంత్రం తిరిగి ఇచ్చెయ్యమని చెప్పి మరీ. మెషిన్లు ఆగాయి, ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఆడవాళ్లు పక్క గోడకి వరసగా నిలబడ్డారు. మేస్త్రీ అట్టపెట్టెలోంచి విమానం తీసి, పిడి తిప్పే చేతిమరతో రబ్బరు మెలిపెట్టి, తగిలించాడు. ఎడమ చేతిలో మళ్లింపు కర్ర ఉంది.

"ఆ కర్ర ఇలా పడెయ్," అంది భార్య.

"ఉండనీ. చెయ్యి ఖాళీగా ఉంటే నాకు తోచదు."

పద్నాలుగేళ్లలో ఆ కర్ర పట్టుకోకుండా ఆయన విమానం వదిలింది లేదు. కళ్లజోడు పెట్టుకున్నట్టు పెట్టుకున్నాడు, అంతే. అదెందుకో ఇన్‌స్పెక్టరమ్మకి తెలియదు, అడగలేదు. మేనేజరు మాత్రం ఆ కర్రని కిందినుంచి మీదిదాకా చూశాడు. చూసి ఊరుకున్నాడు.

మొదటి మెషిను పక్కన విమానం చేతిలోంచి జారింది. ఐదడుగుల ఎత్తు, అచ్చంగా. గుండ్రంగా ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టుకి అడుగున్నర బల్లల వైపు జరిగింది. మూడో చుట్టుకి ఇంకో అడుగున్నర.

"మొదటి స్తంభం దాటింది," అంది పెద్దక్క గొంతు తగ్గించి. ఇన్‌స్పెక్టరమ్మ కాగితం మీద గీత పెట్టింది.

ముప్పై ఒక్కమంది తమ ముక్కుల్లోకి ఇన్నేళ్లుగా వచ్చిపడుతున్నది ఏ దారిన వస్తోందో మొదటిసారి కళ్లతో చూస్తున్నారు. రెండో స్తంభం దాటింది. మేనేజరు జేబులోంచి రుమాలు తీశాడు.

మూడో స్తంభానికి స్విచ్చుల పెట్టె ఉంది. దాని రేకు తలుపు తీసి ఉంది. పొద్దున కడిగినప్పుడు ఎవరో వేయడం మరిచారు. విమానం చుట్టు తిరిగి నేరుగా ఆ రేకు అంచు మీదికి వస్తోంది. తగిలితే తగలాలి. రెక్క చీలితే చీలాలి. అప్పటికే షెడ్డులో సగం దాటింది. అక్కడ పడిపోయినా గాలి బల్లల వైపే పోతోందని కాగితం మీద రెండు గీతలున్నాయి.

కానీ మేస్త్రీ చెయ్యి లేచింది. ఆయన లేపలేదు, అదే లేచింది. కర్ర కొస రెక్క అంచుని ముట్టీ ముట్టనట్టు తాకింది. స్తంభానికి అటుపక్క బల్లలు, ఇటుపక్క ఖాళీ. ఖాళీ వైపుకే, అంటే తిరిగి మెషిన్ల వైపుకే, ఆయన దాన్ని మళ్లించాడు. విమానం రెండడుగులు వెనక్కి పోయింది. పోయి, చుట్టు తిరిగి, మళ్లీ బల్లల వైపే జరగసాగింది.

వెనక్కి తోసినా ముందుకే వచ్చింది! అంతకంటే రుజువేముంటుంది? కానీ అప్పటికి విమానాన్ని చూస్తున్నవాళ్లు తక్కువ.

"చూశారా మేడం, చూశారా!" అని మేనేజరు షెడ్డు ఎగిరిపోయేలా అరిచాడు. "కర్రతో తోలుతున్నాడు! గేదెని తోలినట్టు తోలుతున్నాడు! ఇదా సాక్ష్యం?"

ఇన్‌స్పెక్టరమ్మ చూపు కర్ర మీదికి పోయింది. విమానం ఎవరికీ పట్టకుండా ఇంకో పది చుట్లు తిరిగి, రెండో బల్ల మీద పేలికల కుప్పకి తగిలి ఒరిగింది. అది మేస్త్రీ భార్య పనిచేసే బల్ల.

మేస్త్రీ పరుగెత్తాడు. బల్ల ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"అటు... అటే తోశాడమ్మా, మెషిన్ల..." అని గోడ దగ్గరనుంచి ముందుకొచ్చింది భార్య. మాట పూర్తి కాలేదు. దగ్గు పట్టుకుంది. మాస్కు లాగేసి, వంగి, బల్లని పట్టుకుని దగ్గింది. చెయ్యి మాత్రం మెషిన్ల వైపు చూపిస్తోంది.

"ఏమంటోందావిడ?" అంది ఇన్‌స్పెక్టరమ్మ.

"దగ్గండీ. ఇంట్లో పొయ్యి పొగ," అన్నాడు మేనేజరు.

ఇన్‌స్పెక్టరమ్మ మేస్త్రీ దగ్గరికి వచ్చింది. "మేస్త్రీ గారూ, కర్ర తాకించారా లేదా?"

"తాకించానండి," అన్నాడాయన తలెత్తకుండా.

ఆవిడ కలం ఎత్తి పట్టుకుని ఆగింది. అది ఒప్పుకోవాలి, ఆవిడ ఆగింది. "ఇంకేమైనా చెబుతారా?"

"ఒక్క నిమిషమండి," అన్నాడు మేస్త్రీ. కంటికి భూతద్దం పెట్టుకుని, రెక్కలోని సన్నటి పుల్లల్ని ఒక్కొక్కటే చూస్తున్నాడు.

ఆ నిమిషంలో ఆవిడ రాసేసింది. నివేదికలో గడి ఒకటుంటుంది: పరీక్షలో మనుషుల జోక్యం ఉన్నదా, లేదా? ఉన్నది. ఎటు జోక్యం చేసుకున్నారని అడిగే గడి లేదు. మెషిన్లు మొదలయ్యాయి. భోజనాల అరగంట అయిపోయింది.

రెక్క విరగలేదు.

మూడో రోజుకి మేస్త్రీకి తెలివొచ్చి, ఎటు తోశాడో కాగితం మీద బొమ్మ గీసి మరీ పట్టుకుని ఇన్‌స్పెక్టరమ్మ ఆఫీసుకి పోయాడు. ఆవిడ చదివి, "ఇది ఆ రోజే నాకు చెప్పాల్సింది," అంది. నివేదిక పైకి వెళ్లిపోయింది. మళ్లీ పరీక్ష పెట్టిస్తానంది, ఉత్తరం కూడా రాసింది. ఆ ఉత్తరం తిరిగే లోపల కంపెనీ ఆ మూడు ఫ్యాన్లూ పీకించి, గోడ ఇటుకలతో మూసేసింది. దుమ్ము రావడం లేదన్నవాళ్లకి ఫ్యాన్లు పీకాల్సిన అవసరమేమొచ్చిందని పెద్దక్క ఒక్కతే అడిగింది. మళ్లీ పరీక్షిద్దామంటే ఇక ఆ గాలే లేదు. ఇప్పుడు దుమ్ము ఎటూ పోదు, షెడ్డులోనే ఉంటుంది.

భార్య బల్ల దగ్గరికే తిరిగి వెళ్లింది. ఎక్కడికి పోతుంది? మొగుణ్ణి ఒక్క మాట అనలేదు. పక్క బల్లలవాళ్లు అనబోతే, "మా ఆయన చెయ్యి మంచిదే, అలవాటే పాడు," అని తుంచేసింది. ఐదో నెలలో ఆసుపత్రి మంచం మీద, కూర్చుంటే తప్ప ఊపిరాడని స్థితిలో, కూర్చునే పోయింది. నలభై నాలుగేళ్లు.

పని వల్లే చనిపోయిందని తేల్చమని పెద్దక్క కార్మిక శాఖలో అర్జీ వేయించింది. అది తేలితే మిగిలిన ముప్పైమందికీ దారి దొరుకుతుంది. విచారణ రోజున మెట్ల మీద మేస్త్రీని ఆపింది.

"లోపల ఒక్కటే అడుగుతారు. వెనక్కి తోశానని ఆ రోజే ఎందుకు చెప్పలేదని. ఏం చెబుతావు?"

ఆయన చేతిలోని బొమ్మ కాగితం మడత విప్పి చూసుకున్నాడు.

"చెప్పనివ్వలేదని చెప్పు. అబద్ధం కూడా కాదు, ఆ మేనేజరు గొంతు చించుకుంటూనే ఉన్నాడుగా. విన్నావా తమ్ముడూ? చెప్పనివ్వలేదు. రెండు మాటలు."

"సరేనక్కా."

చిన్న గది, పెద్ద బల్ల. అధికారి రిటైరవబోయే మనిషి, గద్దించే రకం కాదు. కుర్చీ చూపించాడు. కంపెనీ లాయరు ఇన్‌స్పెక్టరమ్మ నివేదికలోంచి ఆ ఒక్క గడి చదివి కూర్చున్నాడు. మేస్త్రీ తన బొమ్మ చూపించాడు. స్తంభం ఇక్కడ, రేకు తలుపు ఇక్కడ, తాను తోసింది ఇటు, అది వచ్చింది అటు. అధికారి కళ్లజోడు సర్దుకుని శ్రద్ధగా చూశాడు. ముప్పైమంది చూశారని పెద్దక్క లేచి చెప్పింది. వాళ్లంతా అర్జీదారుల పక్షమని లాయరన్నాడు. బొమ్మ మూడు రోజుల తరవాత గీసినదని కూడా అన్నాడు.

అధికారి మేస్త్రీ వైపు వంగి మెల్లగా అడిగాడు. "ఇది ఆ రోజే, ఆ నిమిషమే చెబితే అయిపోయేది కదయ్యా. మేడం మిమ్మల్ని అడిగిందని కూడా రాసి ఉంది. ఎందుకు చెప్పలేదు?"

పెద్దక్క కళ్లతోనే అందించింది.

మేస్త్రీ చేతులు ఒళ్లో పెట్టుకుని వాటినే చూస్తూ అన్నాడు:

"రెక్క విరిగిందేమోనని చూసుకుంటున్నానండి."

గుమాస్తా తలెత్తి, "ఏమని రాయమంటారు సార్?" అని అడిగాడు.

"ఆయనన్నట్టే రాయి," అన్నాడు అధికారి.

అంతవరకూ సగం సగం రాసుకుంటూ వచ్చిన గుమాస్తా, ఆ మాటని మాత్రం ఒక్క అక్షరం పోకుండా రాశాడు.